పది పేజీలకు మించరాదు

ఆ షాపులో కంప్యూటర్ ఒకటే. దానికి మానిటర్లు రెండు, కీబోర్డులు రెండు, మౌసులు రెండు. తెర మీద తిరిగే బాణం మాత్రం ఒకటే. ఆ ఒక్క బాణంతో ఇద్దరు తోడికోడళ్ళు ఆరేళ్ళు నెట్టుకొచ్చారు.

పెద్దకోడలు ఎడమ మానిటర్ ముందు, చిన్నకోడలు కుడి మానిటర్ ముందు మోచేతులు తగిలేంత దగ్గరగా కూర్చునేవారు. బాణం కావలసినవాళ్ళు "పట్టా" అనాలి. పని అయ్యాక "వదిలా" అనాలి. ఇద్దరూ ఒకేసారి పట్టుకుంటే బాణం అటూ ఇటూ కొట్టుకుని పిచ్చెత్తినట్టు తిరిగేది. అందుకని పొద్దున్నుంచి సాయంత్రం దాకా "పట్టా", "వదిలా", "పట్టా", "వదిలా" అంటూనే ఉండేవారు. బయట వినేవాళ్ళకు లోపల ఎవరో చేపలు పడుతున్నట్టుండేది.

దరఖాస్తులు టైపు చేయడం, జిరాక్సులు తీయడం, పుస్తకాలు కుట్టడం ఆ షాపు పని. కుట్టేది అత్తగారు. ఆమె కిటికీ పక్కన పీట వేసుకుని, ముక్కు చివరికి కళ్ళద్దాలు జార్చుకుని, దబ్బనంతో కాగితాలు కుడుతూ కోడళ్ళిద్దరి మాటలూ వింటూ కూర్చునేది. రెండు కొప్పులు ఒకచోట ఇమడవంటారు గానీ మా షాపులో మూడు ఇమిడాయి అని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేది.

సోమవారం నాడు ఆ మాటకు దిష్టి తగిలింది.

ఆ రోజు చిన్నకోడలు నలభై కాగితాలు తలకిందులుగా అచ్చువేసింది. పెద్దకోడలికి అప్పటికే తలనొప్పిగా ఉంది. "కాగితాలేమన్నా చెట్లకు కాస్తున్నాయా?" అని అరిచింది. "చెట్లనుంచేగా అక్కా వచ్చేది?" అంది చిన్నకోడలు. నవ్విద్దామనే అంది పాపం. కానీ అక్కడ నలుగురు నిలబడి ఉన్నారు, ఆ నలుగురూ నవ్వారు. పెద్దకోడలి మొహం ఎర్రబడింది. "చేసిన పనికి సిగ్గులేదు గానీ సమాధానానికి తక్కువ లేదు. నీ చేతిలో ఏ పని పెట్టినా దుబారానే" అనేసింది. మాట జారితే తీసుకోలేం. కాలు జారినా నయం.

మర్నాడు పొద్దున పెద్దకోడలు వచ్చేసరికి కుడి మానిటర్ లేదు. చిన్నకోడలు దాన్ని ముందు కౌంటర్ మీదికి మార్చుకుంది. మధ్యలో కాగితాల బీరువా ఒకటి అడ్డంగా ఉంది. కొత్తగా కొన్న పొడుగు వైర్లు ఆ బీరువా మీదుగా అటు వెళ్ళాయి. నాలుగింటి దాకా కంప్యూటర్ పెద్దకోడలిది, నాలుగు తర్వాత చిన్నకోడలిది అని అత్తగారి ద్వారా కబురు వచ్చింది. అంతటితో ఆగలేదు. అక్క పని తను చూడనవసరం లేదన్నట్టు, నాలుగింటి దాకా తన మానిటర్ మీద పూల తువ్వాలొకటి కప్పి ఉంచేది.

అప్పటినుంచి మాటలు అత్తగారి ద్వారానే నడుస్తున్నాయి.

"అత్తయ్యా, స్టేప్లర్ కావాలని చెప్పండి."

"అదేం చెవిటిదా? విన్నది. ఇస్తుంది."

"ఇచ్చానని చెప్పండత్తయ్యా."

"ఇదేం గుడ్డిదా? చూసింది. ఏమే, నాకు జీతమన్నా ఇవ్వండి, లేకపోతే మీరన్నా మాట్లాడుకోండి."

గురువారం మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు పెద్దకోడలు చాలా ముఖ్యమైన పనికి కూర్చుంది. ఊళ్ళో పిల్లలకు ఐదేళ్ళు సైన్సు చెప్పిన టీచర్ బదిలీ అయి ఆ రోజే వెళ్ళిపోతోంది. బస్సు నాలుగున్నరకు. ముప్ఫైయొక్క మంది పిల్లలు ఆమెకు ఉత్తరాలు రాశారు. ఆ ఉత్తరాలన్నీ అరవైనాలుగు పేజీల పుస్తకంగా అచ్చువేసి, కుట్టి, బస్సు కదిలేలోగా అందించాలి. పిల్లలు బళ్ళోంచి సరాసరి బస్టాండుకే వస్తామన్నారు.

ఆ ముప్ఫైయొక్క మందిలో పెద్దకోడలి కూతురు ఒకతె. ఆ పిల్ల ఇంటికి చుట్టాలొస్తే తలుపు వెనకనుంచి నమస్కారం పెట్టే రకం. ఐదేళ్ళలో ఆ టీచర్ క్లాసులో లేచి నిలబడి ఒక్క మాట చెప్పి ఎరగదు. హాజరు కూడా చెయ్యెత్తి చెప్పేది. అలాంటి పిల్ల మూడు పేజీల ఉత్తరం రాసింది. రాసి, మడతపెట్టి తల్లి చేతిలో పెట్టి, "నేను చెప్పలేనమ్మా. పుస్తకంలో అయితే ఫరవాలేదు. నువ్వు మాత్రం చదవకు" అంది. పెద్దకోడలు చదవలేదు. మడత విప్పకుండానే అత్తగారి చేత బీరువా అవతలికి టైపుకి పంపేసింది. పుస్తకం అందకపోతే ఆ మూడు పేజీలూ ఆ పిల్ల కడుపులోనే ఉండిపోతాయని మాత్రం ఆమెకు తెలుసు.

ప్రింటర్ పది పేజీలు వదిలి ఆగిపోయింది. దాని నుదుటి మీది చిన్న అద్దంలో ఒక వాక్యం వెలిగింది. పెద్దకోడలు వంగి గట్టిగా చదివింది.

"నేటి పరిమితి పది పేజీలు. పరిమితి పూర్తయింది. ఇదేమిటత్తయ్యా, దీనికి పరిమితి ఎవరు పెట్టారు?"

"నన్నడుగుతావేం? నేను దారానికే పరిమితి పెట్టను" అంది అత్తగారు.

బీరువా అవతల అట్టలు కత్తిరిస్తున్న కత్తెర ఒక్క క్షణం ఆగి, మళ్ళీ కదిలింది.

పెద్దకోడలు కంగారుపడలేదు. ఇలాంటివి మార్చడానికి ప్రింటర్ సెట్టింగులు ఉన్నాయి. లోపలికి వెళ్ళి, పాస్‌వర్డ్ కొట్టి, ఆ పది తీసేస్తే సరి. సెట్టింగుల బొమ్మ మీద నొక్కింది. తెర అడుగున దాని గుర్తు వెలిగింది. విండో రాలేదు. మళ్ళీ నొక్కింది. గుర్తు మిణుక్కుమంది. విండో రాలేదు. టైపు చేసే విండో వస్తోంది, ఫోటోల విండో వస్తోంది, లెక్కలు కట్టేది కూడా పిలవగానే వస్తోంది. ఇదొక్కటే, లోపల ఉన్నానని గొళ్ళెం చప్పుడు చేస్తూ తలుపు తియ్యని మనిషిలా ఉంది.

పెన్‌డ్రైవ్‌లో వేసుకుని పక్క వీధి షాపుకు పరిగెత్తుదామా అనుకుంది. క్రితంసారి అక్కడ ఇస్తే తెలుగు అక్షరాలన్నీ డబ్బాలై వచ్చాయి. టీచరమ్మకు అరవైనాలుగు పేజీల డబ్బాలు ఏమిస్తాం?

ఇక రిపేరు చేసే కుర్రాడికి ఫోన్ చేసింది. అతన్ని అందరూ రీస్టార్టు అనే పిలుస్తారు. ఎవరు ఏ రోగం చెప్పినా అతను ముందు చెప్పే మందు అదే.

"రీస్టార్టు చేశారా అక్కగారూ?"

"నీకు ఫోన్ చేసే ముందే రెండుసార్లు చేశా తమ్ముడూ. ఇంక వేరే మందు చెప్పు."

"అయితే విండో మరీ చిన్నదైపోయి ఎక్కడో మూల నక్కిందేమో. అక్షరాల సైజు పెంచి చూడండి. మీ అత్తగారికి కూడా కనబడేంత పెంచండి."

పెద్దకోడలు పెంచింది. తెర మీది అక్షరాలన్నీ గుమ్మడికాయలంత అయ్యాయి. విండో మాత్రం రాలేదు. అత్తగారు మాత్రం పీట మీదనుంచే చూసి సంబరపడిపోయింది.

"ఇదీ పద్ధతి! అద్దాలు లేకుండా చదివేస్తున్నా. ఇలాగే ఉంచవే. ఇన్నాళ్ళకు ఆ యంత్రం పెద్దవాళ్ళతో మర్యాదగా మాట్లాడింది."

"ఉంచితే పనెలా అవుతుందత్తయ్యా?" అంటూ తిరిగి తగ్గించబోయింది పెద్దకోడలు. అక్కడ ఇంకో చిక్కు వచ్చింది. అక్షరాలు లావెక్కేసరికి "సరే" అని నొక్కే గడి తెర అంచు దాటి కిందికి జారిపోయింది. తగ్గిద్దామంటే నొక్కడానికి గడి లేదు. కుక్క తోక పట్టుకుని గోదారి ఈదినట్టుంది వ్యవహారం.

"ఏం ఫరవాలేదు. ట్యాబ్ మూడుసార్లు కొట్టి, ఎంటర్ కొట్టండి" అన్నాడు రీస్టార్టు. "గడి కనబడకపోయినా ఉంది అనుకుని కొట్టండి."

ఆమె కళ్ళు మూసుకుని కొట్టింది. అక్షరాలు మామూలైపోయాయి. అత్తగారు ఉసూరుమంది.

"చూశారా? కనబడకపోయినంత మాత్రాన లేనట్టు కాదు. మీ సెట్టింగుల విండో కూడా ఎక్కడో తెరుచుకునే ఉంది, మీకు కనబడట్లేదంతే. అక్కగారూ, మీ కంప్యూటర్‌కి ఇంకో మానిటర్ ఏమన్నా ఉందా?"

పెద్దకోడలు బీరువా వైపు చూసింది.

"లేదు. ఒకటే" అంది.

"ఖాయంగా ఒకటేనా? మీవి రెండుండేవే."

"ఒకటేనని చెప్తున్నాగా. నాకున్నది ఇదొక్కటే."

కత్తెర చప్పుడు ఆగిపోయింది. ఈసారి మళ్ళీ మొదలవలేదు. అత్తగారు దబ్బనం గుచ్చబోతూ గుచ్చకుండా పెద్దకోడలి వంక ఒక చూపు చూసింది.

"అయితే నా బుర్రకు అందట్లేదు అక్కగారూ. కంప్యూటర్ డబ్బా పట్టుకురండి, రేపటికి చూస్తా."

"రేపటికా? నాకు బస్సు నాలుగున్నరకు తమ్ముడూ!"

"అంత తొందరంటే మరి... ఇప్పుడే తెండి. కుదిరితే కుదిరినట్టు."

గోడ గడియారంలో రెండూ నలభై. పెద్దకోడలు ఫోన్ అలాగే బల్ల మీద పెట్టి, వైర్లు పీకడానికి బల్ల కిందికి దూరింది. కంప్యూటర్ వెనకంతా దుమ్ము. కరెంటు వైరు పట్టుకుంది. తన మానిటర్ వైరు పట్టుకుంది. దాని పక్కనే ఇంకో వైరు, కొత్తది, ఇంకా మెరుస్తోంది. వేళ్ళతో దాని వెంట వెళ్ళింది. అది గోడ పట్టుకుని పైకి వెళ్ళి, బీరువా ఎక్కి, అవతలికి దిగింది.

ఆమె బల్ల కింద మోకాళ్ళ మీద అలాగే ఉండిపోయింది. చేతిలో ఆ వైరు ఉంది. దీన్ని పీకితే చాలు, విండో తన మానిటర్ మీదికే రావచ్చు. కంప్యూటర్ సంగతి ఆమెకు ఆమాత్రం తెలుసు. చిన్న తాడు లాగినంత పని. అవతల మనిషికి కూడా తెలియనక్కర్లేదు.

లాగబుద్ధి కాలేదు. పాడు నోరు, ఎంత మాటందో. నాకున్నది ఇదొక్కటేనట.

బల్ల కిందనుంచి బయటికి వచ్చి, జుట్టులో బూజుతోనే ఫోన్ తీసుకుంది. బీరువా అవతలికి వినబడేంత గట్టిగా మాట్లాడింది.

"తమ్ముడూ, ఇందాక అబద్ధం చెప్పాను. మాకు మానిటర్లు రెండు. రెండోది మా చెల్లెలి దగ్గరుంది."

తోడికోడలు అనలేదు. మరిది భార్య అనలేదు. అత్తగారు ఆ మాట విని తల దించుకుని గబగబా దారం ముడి వేసుకుంది.

"అదీ సంగతి!" ఫోన్‌లో రీస్టార్టు అరిచాడు. "ఆ సెట్టింగులు కిందటిసారి ఎవరో ఆ మానిటర్ మీద తెరిచి ఉంటారు. అదొకసారి కూర్చున్న చోటే మళ్ళీ కూర్చుంటుంది. వెళ్ళి అక్కడ చూడండి."

ఆమె వెళ్ళనవసరం లేకపోయింది. అవతల తువ్వాలు విసిరేసిన చప్పుడైంది.

"అక్కా! ఇక్కడుంది!"

సోమవారం తర్వాత అదే మొదటి మాట.

"ఒకటి కాదక్కా. సెట్టింగుల విండో ఒకటి, దాని మీద పరిమితి పూర్తయింది, పరిమితి పూర్తయింది అని ఐదారు పెట్టెలు. కంచాలు పేర్చినట్టు పేర్చి ఉన్నాయి. అన్నీ ఇక్కడికే వచ్చి కూర్చున్నాయి పాపం." అవతల కుర్చీ కిర్రుమంది. "అక్కా, ఆ పది పెట్టింది నేనే."

"నువ్వా?"

"నిన్న సాయంత్రం. నా మానిటర్ మీద పెడితే నాకొక్కదానికే అవుతుందనుకున్నా. నీకు కూడా తగులుతుందని తెలీదక్కా. ఇందాక నువ్వు చదివినప్పుడే గుండె గుభేలుమంది. చెప్దామనే అనుకున్నా. ఈలోగా నువ్వు..."

"పదేమిటే? పది పేజీలు ఏ మూలకు?"

"నలభై పాడుచేశాగా. ఇకమీద పాడుచేసినా పదికి మించకూడదని."

తను సోమవారం తలనొప్పిలో విసిరిన మాట పట్టుకుని ఈ పిచ్చిపిల్ల తన చేతులకు తనే సంకెళ్ళు వేసుకుంది. అవి తెచ్చి ఇద్దరికీ తగిలించింది.

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది" అంది చివరికి. కానీ ఆ గొంతులో తిట్టు లేదు. "సరే, దాన్నిటు తొయ్యి. నాకు కనబడాలి."

"పట్టా!" అంది చిన్నకోడలు.

"పట్టు, పట్టు."

చిన్నకోడలు అడ్డంగా ఉన్న పెట్టెలన్నీ మూసి, విండో నెత్తి పట్టుకుని ఎడమవైపుకు లాగింది. పెద్దకోడలి తెర కుడి అంచులోనుంచి ఒక బూడిదరంగు ముక్క తొంగిచూసింది. నెమ్మదిగా సగం విండో ఇవతలికి వచ్చింది. అక్కడితో మొరాయించింది. లాగినా రాదు, తోసినా పోదు. పరిమితి అంకె ఇవతల, "భద్రపరచు" అనే గడి అవతల.

"ఇంక రావట్లేదక్కా. కదలకుండా బిగుసుకుంది."

"ఎంతొస్తే అంతే చాల్లే. వదులు."

"వదిలా."

"పట్టా." పెద్దకోడలు ఆ పది మీద బాణం పెట్టి చెరిపేసింది. "తీసేశా. ఇంక నొక్కేది నీ వైపుంది. వదిలా."

"పట్టా. నొక్కుతున్నా... నొక్కా!"

ప్రింటర్ ఒకసారి గొంతు సవరించుకుని పదకొండో పేజీ వదిలింది.

"వచ్చిందా అక్కగారూ?" ఫోన్‌లోనుంచి సన్నగా వినిపించింది. అతనింకా లైన్‌లో ఉన్న సంగతే అందరూ మరిచిపోయారు.

"వచ్చింది తమ్ముడూ! నీ పేరు మార్చేస్తాం లే!" అంది అత్తగారు పీట మీదనుంచి.

ఆ తర్వాత గంటకు పైగా ఆ షాపులో ఎవరికీ ఊపిరి సలపలేదు. పెద్దకోడలు పేజీలు సరిచూసింది. చిన్నకోడలు బీరువా చుట్టూ తిరగడం ఆలస్యమని దాన్నే ఒక పక్కకు నెట్టేసి, కాగితాలు మడిచి అందించింది. అత్తగారు కుట్టింది. తొందరలో వేలికి ఒకసారి, పుస్తకానికి పదిసార్లు గుచ్చింది. అట్ట అంటించేసరికి నాలుగూ పది. జిగురింకా తడిగానే ఉంది.

చిన్నకోడలు స్కూటరు నడిపింది. పెద్దకోడలు వెనక కూర్చుని, పుస్తకాన్ని రెండు అట్టముక్కల మధ్య పెట్టి రెండు చేతులతో అదిమి పట్టుకుంది. దారంతా వాదించుకుంటూనే వెళ్ళారు.

"మెల్లిగా పోవే, గుంటలో పడితే అట్ట ఊడుద్ది."

"మెల్లిగా పోతే బస్సు పోద్దక్కా."

"ఆ లారీ చూడు!"

"లారీ మనల్ని చూస్తోందిలే."

బస్టాండులో టీచర్ పెట్టె అప్పటికే లోపలికి ఎక్కించారు. ఆమె కిటికీ పక్కన కూర్చుని ఉంది. కింద పిల్లలంతా గుంపుగా నిలబడి రోడ్డు వైపే చూస్తున్నారు. గుంపు చివర, స్తంభం చాటున, పెద్దకోడలి కూతురు.

క్లాసు లీడరు పరిగెత్తుకొచ్చి పుస్తకం అందుకుంది. నాలుగడుగులు వేసి, ఏమనుకుందో, ఆగి వెనక్కి తిరిగింది. "మీ అమ్మా వాళ్ళేగా చేసింది. నువ్వే ఇవ్వు" అని పెద్దకోడలి కూతురి చేతిలో పెట్టేసింది. పెద్దకోడలు వద్దనబోయింది. ఆ పిల్ల ఇవ్వలేకపోతుందనీ, అందరి ముందూ బిగుసుకుపోతుందనీ ఆమెకు భయం. చిన్నకోడలు ఆమె మోచెయ్యి పట్టి ఆపింది.

పిల్ల స్తంభం వదిలింది. తల ఎత్తకుండానే కిటికీ దాకా నడిచి, రెండు చేతులూ పైకి చాచి పుస్తకం అందించింది. టీచర్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. జిగురు వేలికి అంటుకుంటే నవ్వింది. పేజీలు తిప్పుతూ తిప్పుతూ ఒకచోట ఆగింది. పిల్ల పేరు చూసి ఆగిందని కిందనుంచి చూస్తున్న తల్లికి తెలిసిపోయింది. టీచర్ కింద నిలబడ్డ పిల్లనీ, పేజీనీ మార్చి మార్చి చూస్తూ చదివింది. డ్రైవరు బండి స్టార్ట్ చేశాడు. ఆమె ఇంకా చదువుతూనే ఉంది. బస్సు కదులుతుంటే కిటికీలోంచి తల బయటపెట్టి అడిగింది.

"ఏమ్మా, ఇది నిజమేనా?"

పిల్లలందరూ ఆ పిల్ల వైపు తిరిగారు.

"నిజమే టీచర్!"

బస్సు మోతను మించి వినబడింది. స్తంభం పక్కన నిద్రపోతున్న కుక్క లేచి చూసింది. పెద్దకోడలికి ఆ గొంతు తన కూతురిదే అని నమ్మడానికి కాసేపు పట్టింది. ఇంట్లో కూడా ఆ పిల్ల అంత గట్టిగా అరిచి ఎరగదు. టీచర్ చెయ్యి ఊపుతూనే ఉంది, బస్సు మలుపు తిరిగేదాకా.

పిల్లలు ఇళ్ళకు కదులుతుండగా పెద్దకోడలు తోడికోడలి చెవిలో గొణిగింది.

"ఏం నిజమే అది? ఆ ఉత్తరం టైపు చేసింది నువ్వేగా. చెప్పవే."

"చెప్పను."

"నేను దాని తల్లిని."

"నిన్నే కదా చదవొద్దంది. నన్ను చదవొద్దనలేదు."

"చిన్న ముక్క చెప్పు. మొదటి లైను."

"ఊఁహూఁ. కావాలంటే మళ్ళీ మాట్లాడటం మానెయ్యి."

పెద్దకోడలు మూతి ముడుచుకుంది. పిల్ల చెవులదాకా ఎర్రబడ్డ మొహంతో వచ్చి వాళ్ళ పక్కన నిలబడింది, ఏమీ జరగనట్టు. తల్లి కూడా ఏమీ అడగలేదు. స్కూటరు ఎక్కాక, వెనక పిల్లకు చోటు చాలేలా ముందుకు జరిగి, తోడికోడలి నడుము చుట్టూ చెయ్యి వేసి కూర్చుంది.